మడిబల్ల మాస్టారు

మాస్టారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను ఏలూరులో మా కాలేజీ ల్యాబులో ఒకమ్మాయిని తిడుతున్నాను. పిపెట్టు నోట్లో పెట్టుకుని యాసిడ్ పీలుస్తోంది మహాతల్లి, తిట్టక ముద్దుపెట్టుకుంటామా? ఫోన్లో అవతల మాస్టారి ఇంటి పక్కాయన. "పొద్దున్నే పోయారండీ, నిద్రలోనే" అన్నారు. సరేనండి అని పెట్టేసి, ఆ పిల్లకి మిగతా తిట్లు కూడా పూర్తిచేసి, అప్పుడు స్టోర్‌రూములోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చాను. ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి, ఆ పిల్లకి రబ్బరు బల్బుతో ఎలా పీల్చాలో చూపించాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. తాడేపల్లిగూడెం కాలేజీలో ఆయన గది తలుపుకి పేరు బోర్డు బిగిస్తే, దాన్ని వెనక్కి తిప్పి బిగించుకున్న మనిషి. బయటినుంచి చూస్తే ఖాళీ చెక్క కనబడేది. కొత్తగా చేరినవాళ్లు స్టోర్‌రూమనుకుని చీపురు కోసం తలుపు తీసేవారు. ఆయన లేచి చీపురు ఎక్కడుందో వెతికి ఇచ్చేవారు. ఎప్పుడు పుట్టారు, ఎక్కడ చదివారు, ఎంతమందికి గైడుగా ఉన్నారు లాంటివన్నీ సంతాపసభలో ఎవరో ఒకరు చదువుతారు, నాకు ఆ గొడవ లేదు. నాకు తెలిసిన మాస్టారు వేరు.

మా మాస్టారికి ఏదైనా తీసుకోవడం చేతకాదు. ఇద్దరం ఏలూరులోనే ఉండేవాళ్లం, ప్యాసింజర్లో గూడెం వెళ్లొచ్చేవాళ్లం. బండి ఎక్కగానే ఆయనకి సీటు దొరికేది, తెల్లజుట్టు చూసి ఎవరో ఒకరు లేచేవారు. భీమడోలు వచ్చేలోపు ఆ సీట్లో ఇంకెవరో కూర్చుని ఉండేవారు. "నాకు కూర్చుంటే నడుం పట్టేస్తుందండీ" అని చెప్పి లేచిపోయేవారు. అబద్ధం. గదిలో పొద్దుటినుంచి సాయంత్రం దాకా కుర్చీకి అతుక్కుని ఉండే మనిషికి బండిలోనే నడుం పట్టేస్తుందా? వేరుశనక్కాయల పొట్లం కొని పెట్టెలో ఇటు మొదలెట్టి అటు పంపేవారు. పొట్లం తిరిగొచ్చేసరికి ఖాళీ. దులిపి, మడిచి, జేబులో పెట్టుకునేవారు. కనీసం ముందు నాలుగు గింజలు నోట్లో వేసుకుని పంపచ్చు కదండీ అంటే నవ్వేవారు.

పనిలోనూ అదే తంతు. ఆయన చేసేది ర్యాడికల్స్. ఆ మాట వింటే మా నాన్న, "ఎందుకమ్మా మనకి ఆ పార్టీల గొడవ" అని భయపడ్డాడు. కాదు నాన్నా, అణువులు అని చెప్పాను. మామూలు అణువుల్లో ఎలక్ట్రాన్లు జతలు జతలుగా ఉంటాయి. జత లేకుండా ఒక్క ఎలక్ట్రాన్ మిగిలిపోయిన అణువుని ర్యాడికల్ అంటారు. దాంతో ఏం పని అంటే, దానికి మాస్టారు అందరికీ చెప్పే పాఠం ఒకటుండేది. ఒక పొడిని గట్టి అయస్కాంతంలో పెట్టి పరీక్షిస్తే, లోపలి పరమాణు కేంద్రకాలు ఒక్కొక్కటీ తాను ఎక్కడుందో, తన పక్కన ఎవరున్నారో చెబుతాయి. కానీ ఆ సిగ్నల్ మరీ నీరసం. మనకి కావలసినది పొడి పైపొరలో ఎక్కడో కొంచెమే ఉంటే, రోజుల తరబడి కూర్చున్నా దొరకదు. ఎలక్ట్రాన్‌ది అయితే దానికంటే వందల రెట్లు పెద్ద బలం.

"పెద్దకాలవ నిండా నీళ్లున్నాయండీ. పక్కన పంటబోదె ఎండిపోయి ఉంది. ఏం చేస్తాం? తూము ఎత్తుతాం" అనేవారు మాస్టారు.

ర్యాడికల్ పెద్దకాలవ. పొడి పంటబోదె. రెండూ కలిపి, గడ్డకట్టించి, మైక్రోవేవ్ తగిలిస్తే అదే తూము. ఎలక్ట్రాన్ బలం కేంద్రకాల్లోకి పారుతుంది, సిగ్నల్ లేస్తుంది. అలాంటి ర్యాడికల్స్ చేసి ఆయన అడిగినవాళ్లందరికీ ఊరికే పంపేవారు. వాళ్లు వాటితో ఫలితాలు సాధించి, పేపర్లు రాసుకుని, చివర్న చిన్న అక్షరాల్లో ఈయనకి కృతజ్ఞతలు చెప్పేవారు. కొందరు మహానుభావులకి అదీ గుర్తుండేది కాదు. నాకు ఒళ్లు మండిపోయేది.

"మీకు పట్టదా మాస్టారూ?" అని ఒకసారి నిలదీశాను.

"పట్టకేమండీ, పడుతుంది. కానీ నాకిది కావాలి అని అడగడం నాకు రాదమ్మా. చిన్నప్పటినుంచీ రాదు" అన్నారు, పరీక్షనాళిక దీపానికి ఎత్తి చూసుకుంటూ.

ఇక మడిబల్ల సంగతి. మాస్టారి నాన్నగారు ఏలూరులో పౌరోహిత్యం చేసేవారట. ఈయనకి మంత్రాలు అబ్బలేదు గానీ మడి అబ్బింది. ల్యాబు మూలన ఒక బల్ల ఉండేది. ర్యాడికల్ పనంతా దానిమీదే. ఆ బల్ల దగ్గర తొడుక్కునే కోటు విడిగా ఉతికి, పైన ఎత్తుగా కట్టిన దండెం మీద కర్రతో ఆరేసేవారు, కర్రతోనే తీసేవారు. నిమ్మకాయ పులిహోర తెచ్చుకున్నవాళ్లు క్యారేజీ వరండాలోనే పెట్టాలి. ఉసిరికాయ పచ్చడి తిన్న చేతితో, ఎంత కడుక్కున్నా సరే, ఆ రోజుకి బల్ల దగ్గరికి రాకూడదు. జామకాయ కూడా నిషేధమే. ఎందుకంటే సి విటమిన్ తగిలిందా, ర్యాడికల్ పని అయిపోయినట్టే. ఒంటరిగా ఉన్న ఎలక్ట్రాన్‌కి అది జత కుదిర్చి కూర్చోబెట్టేస్తుంది. నారింజ రంగులో నిగనిగలాడే మందు తెల్లగా పాలిపోతుంది. ఆ తర్వాత దాన్ని ఏ అయస్కాంతంలో పెట్టినా శుద్ధ దండగ.

నేను చేరిన మొదటిరోజు ఇదేమీ తెలియదు. మాది చెరువులవాళ్ల ఇల్లు. మా అమ్మవాళ్లది కొల్లేటికోట, నాన్న కైకలూరు వైపు రొయ్యల చెరువు చేస్తాడు. ఒంటికి నీసు వాసన వస్తుందని బళ్లో పక్కన కూర్చోనివ్వని పిల్లల్ని చూసి పెరిగినదాన్ని. సీనియరొకడు వచ్చి, "అది సార్ మడిబల్ల, ముట్టుకోకండి" అన్నాడు. నాకు ఎక్కడో కాలింది. నేరుగా మాస్టారి ఎదురుగా వెళ్లి నిలబడ్డాను.

"ఎవరు ముట్టుకుంటే మైలపడుతుందండీ ఆ బల్ల?" అని అడిగాను. ల్యాబులో అందరూ చేస్తున్న పని ఆపేశారు.

మాస్టారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. ఆయనకి ఏమీ తోచనప్పుడు చేసే పని అది. "ఇవాళ నేను ముట్టుకుంటే మైలండీ" అన్నారు. "పొద్దున మా ఇంట్లో నిమ్మకాయ కలిపిన పప్పు చేశారు. అందుకే ఇక్కడ దూరంగా కూర్చున్నాను. మీరేం తిన్నారమ్మా?"

"ఇడ్లీ."

"అయితే మీరే పెద్ద మడి." లేచి వెళ్లి కర్ర తెచ్చి నా చేతికిచ్చారు. "కోటు తీసి తొడుక్కోండి. పొడి తూచాలి."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తొడుక్కున్నాను. భుజాలమీంచి జారిపోయే ఆ కోటుతోనే ఆ రోజంతా పొడి తూచాను. అలా మొదలైంది మా ఇద్దరి వ్యవహారం.

నా పిహెచ్‌డి కూడా చెరువులోంచే వచ్చింది. రొయ్యకి గుల్ల మెత్తబడే జబ్బు ఒకటుంది, మా వైపు లూజ్ షెల్ అంటారు. వేలితో నొక్కితే గుల్ల లోపలికి పోతుంది. అలాంటి రొయ్యని ఎవరూ కొనరు. గుల్లలో సున్నం దేన్ని పట్టుకుని ఉంటుంది, ఆ పట్టు ఎక్కడ వదులుతుంది అన్నది నా ప్రశ్న. ముందు మంచి గుల్ల ఎలా ఉంటుందో చూడాలి. ఆ పట్టు ఉండేది పైపొరలో కొంచెమే, కాబట్టి సిగ్నల్ పెంచితే తప్ప కనబడదు. మాస్టారికేమో కొత్త అణువొకటి ఉంది. రెండు ర్యాడికల్స్‌ని గట్టి వంతెనతో, ఒక ఏటవాలు కోణంలో ముడివేశారు. రెండు ఎలక్ట్రాన్లు ఒకదానికొకటి సరైన తీరులో నిలబడితే తూము బాగా లేస్తుందని ఆయన నమ్మకం. ఆ కోణం కోసమే ఏళ్ల తరబడి బండిలో చీపురుపుల్లలకి నానబెట్టిన చింతపిక్కలు గుచ్చి తిప్పి తిప్పి చూసుకునేవారు. పక్కనున్న ప్రయాణికులు జాలిగా జరిగి కూర్చునేవారు.

చివరికి ఆ అణువు తయారైంది. ఆఖరి మెట్టులో పదిసార్లకి ఒకసారి నిలబడేది, నిలబడినా చిటికెడే మిగిలేది. చిన్న సీసా అడుగున నారింజ తొక్క పొడిలా పేరుకుంది. అదే మొత్తం. ఆ వేసవికి మాస్టారు రిటైరవుతున్నారు, ఆయన ల్యాబు గది వేరేవాళ్లకి రాసేశారు. ఇంకోసారి చేసే చోటు లేదు, సమయమూ లేదు. పరీక్షించే మిషన్ మన వైపు లేదు. ఎక్కడో దూరాన పెద్ద ఊళ్లో ఉంది, అక్కడ ఎన్నాళ్లో బతిమాలితే ఒక్కరోజు ఇచ్చారు. నా సంగతీ అంతే. ఏలూరులో ఒక కాలేజీవాళ్లు జూన్‌లోపు డాక్టరేట్ చేతికొస్తే ఉద్యోగం ఖాయం, లేకపోతే వేరేవాళ్లని చూసుకుంటాం అన్నారు. ఆ ఒక్కరోజులో ఆయన అణువు నిలబడాలి, నా గుల్ల మాట్లాడాలి. రెండూ కలిపి ఒకే గొట్టంలో పెట్టేస్తే ఒకే దెబ్బకి తేలిపోతుందని లెక్క వేసుకున్నాం.

రొయ్యలు మా నాన్నే తెచ్చాడు. రొయ్యపిల్లల సీడు తెచ్చినట్టు ప్లాస్టిక్ సంచిలో నీళ్లు పోసి, ఆక్సిజన్ కొట్టించి, కైకలూరు నుంచి ఏలూరు, ఏలూరు నుంచి గూడెం బస్సుల్లో ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని ల్యాబు గుమ్మంలో నిలబడ్డాడు. పెళ్లిచూపులకి పిల్లని తీసుకొచ్చినవాడిలా ఉన్నాడు. సంచిలో ఒక్కటి కూడా చావలేదు, టపటపా కొట్టుకుంటున్నాయి.

"గట్టివండీ. బాగా మేపాను" అన్నాడు మాస్టారితో.

గుల్లలు ఒలవడం నేను చూసుకుంటాను, మీరు బయట కూర్చోండి అన్నాను మాస్టారితో. జన్మలో గుడ్డు కూడా ముట్టని మనిషి. ఆయన వినలేదు.

"నా అణువుని దీనితో కాపురానికి పంపిస్తున్నానమ్మా. పంపించి నేను బయట కూర్చుంటే బాగుంటుందా?" అని స్టూలు లాక్కుని పక్కనే కూర్చున్నారు. ఒక రొయ్యని వేళ్ల మధ్య పట్టుకున్నారు. అది ఎగిరి ఒక్కటిచ్చింది. మాస్టారి మొహం నిమ్మకాయ రంగుకి తిరిగింది గానీ వదల్లేదు. మా నాన్న తల పక్కకి తిప్పుకుని నవ్వుకున్నాడు. "ఇంట్లో చెప్పకండమ్మా" అన్నారు మాస్టారు నాతో మెల్లగా.

గుల్లలు కడగబోతుంటే చెయ్యి అడ్డం పెట్టారు. "కడగద్దు. పైన ఏముందో అదే కదా మనకి కావాలి. కడిగితే సాక్షిని బయటికి పంపేసినట్టు." సరేనని కడగకుండానే గడ్డకట్టించి, ఆ చలిలోనే తడి లాగేసి, పొడి చేసి, సీసాలో బిగించాం. ఇంత జాగ్రత్త మేం తప్ప ఎవరూ చేయరని ఇద్దరికీ లోలోపల గర్వంగానే ఉంది.

ఆ ఊరికి వెళ్లాక మొదటి చిక్కు అక్కడే వచ్చింది. మా ముందువాళ్ల పని తెమల్లేదు. మేం అప్పటికే గ్లిసరిన్ కలిపిన నీళ్లలో మాస్టారి మందు కరిగించి, గుల్లపొడి తడిపేశాం. నారింజ రంగు ముద్ద. దాన్ని పంటి సైజు గొట్టంలో కూరి మూత బిగించి, మా వంతు కోసం అలాగే కూర్చున్నాం. ఆ గొట్టం తెల్లటి పింగాణీలాంటిది, లోపల ఏం జరుగుతోందో కనబడదు. ముందువాళ్లు దిగారు. మిషన్ చూసే అతను మా గొట్టం లోపల పెట్టాడు. చల్లటి నైట్రోజన్ బుస్సుమంది, గొట్టం తిరగడం మొదలెట్టింది.

ముందు మైక్రోవేవ్ లేకుండా చూశారు. తెరమీద గీతలో ఒక చిన్న బుడిపె. అది మామూలే. తర్వాత మైక్రోవేవ్ పెట్టారు. మాస్టారు తెరకి దగ్గరగా వంగారు. గీత వచ్చింది.

అదే బుడిపె.

"ఇంకోసారి చూద్దామాండీ?" అన్నారు మాస్టారు. ఇంకోసారి చూశారు. అదే బుడిపె. బలం పెంచి చూశారు. లేదు. చలి పెంచి చూశారు. లేదు. మధ్యాహ్నం దాటిపోయింది. మిషన్ చూసే అతను చాలా మర్యాదగా, బహుశా మీ అణువులో ఆ కోణం సరిగ్గా కుదరలేదేమో అన్నాడు. మాస్టారు తలూపారు. వాదించలేదు. ఆ తల ఊపడం చూసి నాకు ఎవరినైనా పట్టుకుని కొట్టాలనిపించింది. ఆయన కళ్లజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు, మళ్లీ తీశారు.

"నేనే సరిగ్గా కట్టలేదమ్మా. మిమ్మల్ని కూడా ఇంతదూరం తిప్పాను" అని వరండాలోకి వెళ్లిపోయారు.

నేను చేసేది లేక గిన్నెలు కడుగుదామని లేచాను. ముద్ద నూరిన చిన్న కల్వం తీసుకున్నాను. అడుగున మిగిలిన ముద్ద చూసి అలాగే ఆగిపోయాను. పొద్దున నారింజ రంగులో ఉన్నది బియ్యం కడుగులా తెల్లబారిపోయింది. కల్వం పట్టుకుని వరండాలోకి పరిగెత్తాను. మాస్టారు చూశారు. ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఆయన మొహంలో రక్తం మళ్లీ కదలడం నేను కళ్లారా చూశాను.

"ఏమండీ, ఇందులోకి నిమ్మకాయ ఎలా వచ్చింది?" అన్నారు.

ఎలా వస్తుంది? కోటు మడి, కల్వం మడి, నేను మూడురోజులుగా నిమ్మకాయ మొహం చూడలేదు. మిగిలింది రొయ్య. నాన్నకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను.

"నాన్నా, ఆ రొయ్యలకి మేతలో ఏం కలిపావు?"

"ఏం అమ్మా, బాగోలేవా?"

"బాగున్నాయిలే. ఏం కలిపావు చెప్పు."

"మామూలేనమ్మా. పరీక్షకి వెళ్తున్నాయి కదా అని వారంనుంచి బెల్లం నీళ్లలో సి విటమిన్ కలిపి మేతకి పట్టించాను. ఎప్పుడూ వేసేదానికి రెట్టింపు వేశాను, గుల్ల మెరవాలని. బస్సులో నీరసపడతాయని సంచి నీళ్లలో కూడా ఒక గుప్పెడు కలిపాను. అందుకే కదూ ఒక్కటీ చావలేదు."

నేను కళ్లు మూసుకున్నాను. మా వైపు చెరువులవాళ్లందరూ వేసేదే అది. చిన్నప్పుడు ఆ పొడి డబ్బాలమీద కూర్చుని చదువుకున్నాను. పులిహోర క్యారేజీలు వరండాలో పెట్టించిన మహానుభావుడూ, డబ్బాలమీద పెరిగిన నేనూ, ఇద్దరికీ తట్టలేదు. కడగకుండా మరీ తెచ్చాం, వంతు కోసం కూర్చున్నంతసేపూ ఆ విటమిన్ మందుని తినేస్తూ ఉంది. నాన్నమీద అరవడానికి నోరు తెరిచాను. మాస్టారు ఫోన్ నా చేతిలోంచి తీసుకున్నారు.

"ఏవండీ, నేనండీ. మీ రొయ్యలు బ్రహ్మాండంగా ఉన్నాయండీ. మా మందునే అరాయించుకున్నాయి."

అవతల మా నాన్న పొంగిపోయాడు. "మీ దయ అండీ" అన్నాడు.

మాస్టారు ఫోన్ పెట్టేశారు. అప్పుడు ఇద్దరం లోపలికి వచ్చి మాస్టారి మందు సీసా వైపు చూశాం. అడుగున ఇంకొంచెం పొడి ఉంది. ఒక్క గొట్టానికి సరిపోతుంది. గుల్లపొడి కూడా మిగిలే ఉంది. సాయంత్రానికి మిషన్ వేరేవాళ్లకి అప్పగించాలి.

"గుల్లపొడి చల్లటి నీళ్లతో కడిగేద్దామండీ" అన్నాను గబగబా. "విటమిన్ పోతుంది. పైపొర కొంచెం పోయినా పూర్తిగా పోదు. సిగ్నల్ లేస్తే మీ అణువూ తేలుతుంది, నా పనీ అవుతుంది."

"లేవకపోతే?"

నేను గుల్లపొడి సీసా అందుకున్నాను.

"లేవకపోతే, తప్పు అణువుదా, గుల్లదా, కడగడంలోదా, మళ్లీ తేలదమ్మా. మామూలు గ్లిసరిన్ నీళ్లలో మామూలు ఎమైనో ఆమ్లం వేసి పెడితే అణువు సంగతి తేలిపోతుంది. అందరూ పరీక్షించేది దానితోనే."

నిజమే. కానీ దాంతో నాకేం ఒరుగుతుంది? ఎమైనో ఆమ్లం మీద నాకు డాక్టరేట్ ఎవరిస్తారు? జూన్ నా కళ్లముందు కనబడుతోంది. ఏలూరు కాలేజీ కనబడుతోంది. మాస్టారు నేలవైపు చూస్తున్నారు. ఇప్పుడు ఏమంటారో నాకు తెలుసు. మీరు తీసుకోండమ్మా, నాకు నడుం పట్టేస్తుంది అంటారు. బండిలో లేచినట్టు లేచిపోతారు. అలా అంటే వద్దనకుండా తీసేసుకోవాలని నేను అప్పటికే మనసులో నిర్ణయించేసుకున్నాను.

"ఈ మిగిలింది నాకు ఇస్తారా అమ్మా?" అన్నారు.

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఆయన మందు. ఆయన చేతులతో చేసిన మందు. నన్ను అడుగుతున్నారు. ఊరందరికీ ఊరికే పంచిపెట్టిన మనిషి, నా దగ్గరికి వచ్చేసరికి ఇలా అడుగుతున్నారు. కోపం ముంచుకొచ్చింది.

"మీ ఇష్టమండి" అన్నాను.

"నా ఇష్టం అనకండి. అడుగుతున్నాను. మీరు కాదంటే గుల్లలోనే వేద్దాం."

ఆయన వేళ్లు సీసా మూతమీద ఉన్నాయి. కాదంటే నిజంగానే గుల్లలో వేసేస్తారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే ఆయన్ని అలాగే నిలబెట్టాను. వరండా కింద ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు, అది స్టార్ట్ కావట్లేదు.

"తీసుకోండి" అన్నాను. ఎలా అన్నానో నాకు తెలుసు. మొహం మీద కొట్టినట్టు అన్నాను.

ఆయన తీసుకున్నారు. మందు కరిగించారు. ఈసారి నారింజ రంగు నారింజ రంగులాగే నిలిచింది. గొట్టం నింపి మూత బిగించేటప్పుడు అది కదలకుండా నేనే పట్టుకున్నాను, కోపంతోనే పట్టుకున్నాను. గొట్టం లోపలికి వెళ్లింది, తిరిగింది. మైక్రోవేవ్ లేకుండా చూశారు. చిన్న బుడిపె. మైక్రోవేవ్ పెట్టారు. మిషన్ చూసే అతను కూడా కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

గీత లేచింది. తెర పై అంచు తాకి, తెర చాలక పైకి వెళ్లిపోయింది. అతను కొలత మార్చాడు, మళ్లీ మార్చాల్సి వచ్చింది. కింద ఇందాకటి బుడిపె గడ్డిపరకంత కనబడుతోంది. అతను లేచి మాస్టారి చెయ్యి పట్టుకుని ఊపాడు. మాస్టారు చెయ్యి వెనక్కి తీసుకుని తెరమీద గీత పొడుగునా వేలు నడిపించారు. వేలు పైదాకా వెళ్లి అక్కడే ఆగిపోయింది. అంత ఆశగా ఆయన దేన్నీ పట్టుకోవడం నేను అంతకుముందు చూడలేదు. కోపంలో ఉన్నదాన్ని, అయినా నా కళ్లు చెమ్మగిల్లాయి.

సామాను సర్దుకుంటుంటే నా పక్కకి వచ్చి నిలబడ్డారు.

"మీరు మనస్ఫూర్తిగా ఇవ్వలేదని తెలుసమ్మా. తెలిసే తీసుకున్నాను" అన్నారు.

నేను సంచి జిప్పు లాగాను. అది ఇరుక్కుంటే ఆయనే కూర్చుని సరిచేశారు.

జూన్ వచ్చింది, నా డాక్టరేట్ రాలేదు. ఆ ఉద్యోగం వేరే ఆవిడకి పోయింది. ఆ తర్వాత ఏడాది, కడిగిన గుల్లలతో, బజార్లో దొరికే ర్యాడికల్‌తో నా పని చేసుకున్నాను. సున్నం పట్టు ఎక్కడుందో కనబడింది, సిగ్నల్ ఓ మోస్తరుగా లేచింది. మాస్టారి అణువైతే ఇంకా బాగా లేచేదని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు, ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడున్న కాలేజీలో ఉద్యోగం దొరికేదాకా ట్యూషన్లు చెప్పుకున్నాను. మా నాన్నకి సి విటమిన్ సంగతి ఇప్పటికీ చెప్పలేదు. చెబితే ఆ రోజునుంచి అన్నం తినడు.

ఆ అణువు గురించి మాస్టారు పేపర్ రాశారు. నా పేరు కూడా పెడతానంటే వద్దన్నాను. బతిమాలతారేమో, అప్పుడు ఇంకో నాలుగు మాటలు అనచ్చని చూశాను. "సరేనమ్మా" అని మానేశారు. ఆ పేపరు మీద ఆయన పేరు ఒక్కటే ఉంది, నిండుగా, పెద్ద అక్షరాల్లో. నాకు ఒక కాపీ తెచ్చిచ్చారు. ఆయన ఒక్కసారి కూడా క్షమించమని అడగలేదు. అడిగితే నాకు అసహ్యంగా ఉండేది. తీసుకున్నది తిరిగి నా చేతిలో పెట్టేసినట్టు ఉండేది.

రేపు సంతాపసభ, వాళ్లింటికి వెళ్లాలి. అందరూ వస్తారు. బండిలో ఆయన సీట్లో కూర్చున్నవాళ్లు, మందులు పంపించుకున్నవాళ్లు, అందరూ కూర్చుని ఆయన ఎంత ఇచ్చారో చెప్పుకుని కళ్లు తుడుచుకుంటారు. చెప్పుకోనీండి. వాళ్లెవరినీ ఆయన ఏమీ అడగలేదు. బతుకంతటికీ నాకిది కావాలి అని ఒకే ఒక్కసారి నోరు తెరిచారు, తెరిచి నన్ను అడిగారు. మళ్లీ వచ్చి అడిగినా నేను అలాగే మొహం మాడ్చుకుని, విసురుగానే ఇస్తాను. అడగమనండి.